ముక్కు సాక్ష్యం చాలదు

మన ఇళ్ళల్లో అమ్మాయికి ఉద్యోగం రాగానే మనం అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. జీతమెంత? బస్సు వీధి మొగలోకి వస్తుందా? నైట్ డ్యూటీలు వుంటాయా? తోటివాళ్ళలో ఆడపిల్లలున్నారా? మధ్యాహ్నం భోజనం సంగతేమిటి? హైదరాబాదులో జీడిమెట్ల, పటాన్‌చెరువు వైపూ, విశాఖలో పరవాడ వైపూ మందుల కంపెనీలు వెలిశాక, కెమిస్ట్రీ చదువుకున్న పిల్లలు ఎంతోమంది లాబొరేటరీల్లో చేరుతున్నారు. ఆస్పత్రుల్లో రక్తపరీక్షల లాబుల్లో కొందరు, కాలేజీల్లో కొందరు. లాబ్ ఉద్యోగం అనగానే మన మనసుకి హాయిగా వుంటుంది. ఎండలో తిరగక్కర్లేదు, బరువులు మొయ్యక్కర్లేదు. తెల్లకోటు వేసుకుని చల్లటి గదిలో పని! మరి ఆ గదిలో పిల్ల పీల్చే గాలిని ఎవరైనా ఎప్పుడైనా కొలిచారా అని మాత్రం మనలో ఎవరమూ అడగం.

అదేం ప్రశ్న, గాలిని కొలవడమేమిటి అనుకుంటారేమో. కూరగాయలు తూస్తాం, పాలు కొలుస్తాం, జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం. అలాగే, రసాయనాలతో పని చేసేవాళ్ళ ఒంట్లోకి ఆ రసాయనం ఎంత పోతున్నదో కొలవడానికీ పద్ధతులున్నాయి. దానికొక శాస్త్రమే వుంది. ఆ కొలత తీస్తే భయపడవలసిన చోట భయపడతాం, అక్కర్లేని చోట నిశ్చింతగా వుంటాం. కొలత తీయకుండా "ఏం ఫరవాలేదు" అనే మాటకీ విలువ లేదు, "అమ్మో, రసాయనాలు!" అనే మాటకీ విలువ లేదు.

"ఎందుకండీ అంత హడావిడి? చెడ్డ గాలి అయితే వాసనే చెప్పదూ?" అని మీరు అడగవచ్చు. ఇక్కడే మనందరం పొరపడతాం. వంటగ్యాసునే తీసుకోండి. ఆ గ్యాసుకి తనంతట తనకి చెప్పుకోదగ్గ వాసనే లేదు. లీకయితే మనకి తెలియాలని, కుళ్ళు వాసన వేసే మరొక పదార్థాన్ని పనిగట్టుకుని అందులో కలుపుతారు. లాబొరేటరీలో సీసాల్లో వుండే వాటికి అలా ఎవరూ కలపరు. పాదరసం ఆవిరికి వాసనా లేదు, రంగూ లేదు. క్లోరోఫారం వాసన తియ్యగా వుంటుంది. చాలామంది ముక్కులకి ఆ తీపి అందే వేళకే గాలిలో అది వుండవలసిన హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి వుంటుంది.

పోనీ, ఘాటైన వాసన వున్నవైనా పట్టిస్తాయా అంటే, ముక్కుకి అలవాటు అనే జబ్బొకటి వుంది గదా! బీరువా తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. పది నిమిషాలు చీరలు సర్దుతూ కూచుంటే మరి తెలియదు. అప్పుడే వచ్చిన పక్కింటావిడ మాత్రం గుమ్మంలోనే "ఏమిటండీ ఈ వాసన!" అంటుంది. ఉండలెక్కడికీ పోలేదు, మన ముక్కే ఊరుకుంది. లాబ్‌లో చేరిన మొదటి వారం కళ్ళు మండుతున్నాయన్న పిల్ల, మూడో నెలలో "ఇప్పుడేం లేదమ్మా, అలవాటైపోయింది" అంటుంది. మనం సంతోషిస్తాం. నన్నడిగితే అది సంతోషించవలసిన మాట కాదు.

ఈ ముక్కు సంగతికి ఆల్ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడి కథ చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో పేరున్న పండితుడాయన. గాలి తగిలితే భగ్గున మండే కొన్ని పదార్థాల మీద పరిశోధనలు చేసేవాడు. వాటిని గాలి తగలకుండా గాజు గొట్టాల్లో బిగించి వుంచడానికి పాదరసం వాడేవాడు. పాదరసం అంటే మీకు తెలుసు, పాత థర్మామీటరు పగిలితే నేలమీద ముత్యాల్లాగా దొర్లిపోయేది. లాబ్‌లో ఏళ్ళ తరబడి ఆ ముత్యాలు ఒలుకుతూనే వుంటాయి. ఎంత ఊడ్చినా కొన్ని నేల సందుల్లోకీ, బల్లల సొరుగుల్లోకీ పోతాయి. అక్కడే వుండి, నిప్పూ సెగా అక్కర్లేకుండా మామూలు గది వేడికే కొంచెం కొంచెంగా ఆవిరవుతూ వుంటాయి.

స్టాక్‌గారికి మొదట తలనొప్పి వచ్చేది. తరువాత తల తిరగడం, ఎడతెగని పడిశం, గొంతు బొంగురు పోవడం. ముక్కుకి వైద్యం చేయించుకున్నాడు, ఆపరేషన్లు కూడా చేయించుకున్నాడు, గుణం కనబడలేదు. ఆ పైన జ్ఞాపకశక్తి తగ్గిపోయింది. డైరెక్టరీలో చూసిన టెలిఫోను నెంబరు ఫోను దగ్గరికి నడిచేలోగా మరిచిపోయేవాడట. అంత పండితుడికి లెక్కలు చేయడం, ఒక చిన్న వ్యాసం రాయడం కూడా కష్టమైపోయింది. నలుగురితో కలవకుండా ముడుచుకుపోయాడు. ఇలా సుమారు పాతికేళ్ళు గడిచింది. ఇందులో ఒక్క లక్షణమైనా వింతగా వుందా చెప్పండి? తలనొప్పి ఎవరికి రాదు? మతిమరుపు, చిరాకు, జలుబు — ఇవి వుంటే మనమైనా "పని ఎక్కువైంది, నిద్ర చాలడం లేదు" అనే అంటాం. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

చివరికి 1924లో, తనతో పని చేసేవాళ్ళకీ ఇవే బాధలున్నాయని గమనించాక, లాబ్‌లోని గాలిని పరీక్ష చేస్తే అందులో పాదరసం ఆవిరి దొరికింది. దొరికినది అతి స్వల్పం. అయితే ఆ స్వల్పం పాతికేళ్ళపాటు రోజూ ఒంట్లోకి పోయింది! 1926లో ఆయన తన బాధలన్నీ దాచుకోకుండా వివరించి, పాదరసం ఆవిరితో జాగ్రత్త అని తోటి శాస్త్రజ్ఞులకి ఒక వ్యాసం రాశాడు. మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం గాలిలో, మూత్రంలో, శరీరంలో లవలేశమంత పాదరసాన్నయినా కొలిచే పద్ధతులు కనిపెట్టడానికే వినియోగించాడు. రసాయనాలంటే ఆయనకి తెలిసినంత మన పిల్లలకి తెలుసునా? అంతటివాడికే తన గదిలోని విషం తెలియలేదంటే, తెలివి చాలక కాదు. కొలవలేదు గనుక తెలియలేదు.

సరే, కొలవాలనుకుందాం. ఎక్కడ కొలవాలి? గది మూల ఒక పరికరం పెట్టి గాలి తీస్తే సరిపోదా? పూర్వం అలాగే చేసేవారు. 1960లో ఇంగ్లండులో హార్వెల్ అనే చోట అణుశక్తి పరిశోధన కేంద్రంలో షెర్వుడ్, గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు ఒక చిన్న పంపు తయారు చేసి, దాన్ని గదికి కాకుండా మనిషికే తగిలించారు. బ్యాటరీతో నడిచే పంపు నడుముకి, గాలి పీల్చే మూతి కాలరు దగ్గర. అలా మనిషితోపాటే తిరిగే పంపు చూపించిన లెక్క, గది మూల పరికరం చూపించిన లెక్కకంటే ఎక్కువ రావడం కనిపెట్టారు. కారణం మన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎండుమిరపకాయలు మాడితే ముందు దగ్గేది పొయ్యి దగ్గర వున్న మనిషే. ముందు గదిలో పేపరు చదువుకునే ఆయనకి ఒక్క తుమ్ము వస్తుంది, అంతే. ఇంటి మొత్తం సగటు తీస్తే మన దగ్గు లెక్కలోకే రాదు!

ఈ పంపు తరువాత మన దేశానికీ వచ్చింది. కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, కొందరు భారతీయ శాస్త్రజ్ఞులతో కలిసి, గుజరాత్‌లో నాలుగు పల్లెల్లో కట్టెలతో, పిడకలతో వంట చేసుకునే ఆడవాళ్ళకి ఇలాంటి పంపులు తగిలించి వాళ్ళు పీల్చే పొగని కొలిచాడు. 1983లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వంట చేసే సమయంలో ఘనపు మీటరు గాలిలో దాదాపు 7 మిల్లీగ్రాముల పొగ నుసి వున్నదని తేలింది. అంతకు ముందు తరతరాలుగా మన అమ్మమ్మలు కళ్ళు తుడుచుకుంటూనే వున్నారు. కాని ఒక అంకె వచ్చాకే అది ప్రపంచం దృష్టిలో పడింది. ఈ ముక్క చెప్పకుండా వుండలేకపోయాను. ఇక లాబ్‌కి వద్దాం.

లాబ్‌లో వాడే పంపు అరచేతిలో పడుతుంది. సాధారణంగా ద్రావకాల ఆవిరి పట్టడానికి, పంపు గొట్టం చివర పెన్సిలు ముక్కంత గాజు నాళం తగిలిస్తారు. అందులో వుండేదేమిటో తెలుసా? కొబ్బరి చిప్ప బొగ్గు! కొబ్బరి చిప్పలని ప్రత్యేకంగా కాల్చి చేసిన ఆ బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని వుంటాయి. గాలి దాని గుండా పోతుంటే బెంజీన్, టోలీన్ వంటి ద్రావకాల ఆవిరి అందులో చిక్కుకుంటుంది. నాళంలో రెండు అరలు. ముందు అరలో 100 మిల్లీగ్రాముల బొగ్గు, వెనక అరలో 50. ఈ రెండో అర ఎందుకంటే, అది కాపలాదారు అన్నమాట. పరీక్ష చేసినప్పుడు వెనక అరలో కూడా ఆవిరి బాగా కనిపిస్తే, ముందు అర నిండి పొర్లిపోయిందని అర్థం. అప్పుడా కొలత చెల్లదు, మళ్ళీ తీయాలి. నిమిషానికి ఒక గ్లాసెడు గాలి చొప్పున పని వేళంతా లాగి, నాళానికి మూతలు పెట్టి, పరీక్షకి పంపుతారు. ఆ పంపు మోసే మనిషి మామూలుగా తన పని తాను చేసుకుంటూ పోవాలి. కొలిచే రోజున మాత్రం కిటికీలన్నీ తెరిచి, సీసాలన్నీ సర్దేసి, పనిని రేపటికి వాయిదా వేస్తే, చుట్టాలు వచ్చే రోజున ఇల్లు సర్దినట్టుంటుంది. ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

అన్ని రసాయనాలకీ ఈ బొగ్గే పనిచెయ్యదు. ఫార్మలిన్ ఆవిరికి వేరే మందు పూసిన పొడి వుండాలి. కొన్నిటికి పంపే అక్కర్లేదు, చొక్కాకి బ్యాడ్జిలా పెట్టుకుంటే ఆవిరి తనంతట తాను వచ్చి పడుతుంది.

ఫార్మలిన్ మాట వచ్చింది గనుక ఆ లెక్కే చూద్దాం. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి తీసిన కణితినో, గర్భసంచినో పరీక్షకి పంపేటప్పుడు ఒక డబ్బాలో నీళ్ళలాంటి ద్రవంలో వేస్తారు చూడండి, అదే ఫార్మలిన్. అందులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్ళనీ ముక్కునీ మండిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి పట్టికలో చేర్చింది. అమెరికాలో దీనికి పెట్టిన హద్దు, ఎనిమిది గంటల సగటు మీద, పది లక్షల పాళ్ళ గాలిలో ముప్పాతిక పాలు, అంటే 0.75. పది లక్షల్లో ఒక పాలంటే ఎంత? పది పదిహేను కిలోల సన్నబియ్యంలో ఉజ్జాయింపుగా పది లక్షల గింజలుంటాయి. ఆ బస్తాలో ఒక్క రాయి అనుకోండి. హద్దు ఆ ఒక్క రాయికంటే తక్కువ.

ఇక్కడ సగటు అన్నదానితో జాగ్రత్తగా వుండాలి. ఒక అమ్మాయి ఉదయం గంటసేపు పాత డబ్బాలు తెరిచి ఫార్మలిన్ వొంపి పారబోసింది. ఆ గంటలో ఆమె ముక్కు దగ్గర 4 పాళ్ళుంది. తక్కిన ఏడు గంటలూ సూక్ష్మదర్శిని ముందు కూచుంది, అప్పుడు 0.2. మొత్తం ఎనిమిది గంటలకి సగటు కడితే 0.68 వస్తుంది. హద్దు 0.75 గనుక పాస్! ఆ గంటలో పిల్ల కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారి, గొంతు పట్టేసిన సంగతి సగటులో కరిగిపోయింది. అందుకే రెండో హద్దు కూడా పెట్టారు. ఏ పదిహేను నిమిషాల్లోనూ 2 పాళ్ళు మించకూడదని. ఆ లెక్కన ఈమె ఫెయిల్. ఇంకా 0.5 అనే మూడో గీత ఒకటుంది. సగటు దాన్ని దాటితే హద్దు లోపలే వున్నా కొలతలు మానకూడదు, మళ్ళీ మళ్ళీ తీస్తూ వుండాలి. అంచేత ఎవరైనా "మా లాబ్‌లో అంతా హద్దు లోపలే వుంది" అంటే, ఏ హద్దు, ఎంతసేపటి సగటు, ఏ పని చేస్తుండగా తీసిన కొలత అని అడగడం తప్పు కాదు.

అన్నట్టు, లాబుల్లో మన వంటింటి చిమ్నీలాంటి ఫ్యూమ్ హుడ్‌లు వుంటాయి. అద్దం తలుపు సగానికి దించి, లోపల చేతులు పెట్టి పని చేసేవి. చాలా మంచి ఏర్పాటు. గాలి లోపలికి లాగుతున్నదో లేదో ఒక పల్చటి కాగితం ముక్క వేలాడదీసినా తెలుస్తుంది. కాని హుడ్ నిండా సీసాలు పేర్చి, దాన్నొక అలమారాలాగా వాడుకునే చోట్లూ లేకపోలేదు. హుడ్ వుంది కాబట్టి కొలవక్కర్లేదనడం, చిమ్నీ వుంది కాబట్టి మాడదనడం లాంటిది.

ఇప్పటిదాకా చెప్పినదంతా గాలి సంగతి. విషానికి ముక్కొక్కటే దారి కాదు, చర్మం కూడా దారే. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కారెన్ వెటర్‌హాన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ వుండేది. విషపు లోహాలు ఒంట్లో ఏం చేస్తాయన్నదే ఆవిడ పరిశోధన. ఇద్దరు పిల్లల తల్లి. 1996 ఆగస్టు 14న డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు ద్రవం తీస్తుండగా కొద్ది చుక్కలు చేతి మీద పడ్డాయి. చేతికి రబ్బరు తొడుగు వుంది. హుడ్ లోపలే పని చేస్తోంది. శుభ్రం చేసుకుని, తొడుగు తీసేసి, తన పనిలో పడింది. అయిదు నెలలు గడిచాక, 1997 జనవరిలో, నడక తడబడింది, మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే, మామూలుగా లీటరుకి 1 నుంచి 8 మైక్రోగ్రాములుండే పాదరసం 4,000 వుంది. జూన్ 8న ఆవిడ కన్నుమూసింది. నలభై ఎనిమిదేళ్ళు. ఆ తరువాత తొడుగుల్ని పరీక్ష చేయిస్తే, ఆ ద్రవం అలాంటి రబ్బరు తొడుగులోంచి పదిహేను సెకండ్ల లోపే దాటిపోతుందని తేలింది.

ఆవిడ ఒంట్లోకి విషం ఎప్పుడు పోయిందో చెప్పినది ఏమిటో తెలుసా? తల వెంట్రుక. వెంట్రుక నెలకి అర అంగుళం చొప్పున పెరుగుతూ, ఆ రోజుల్లో రక్తంలో వున్నదాన్ని తనలో దాచుకుంటుంది. పొడుగాటి వెంట్రుకని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనీ పరీక్షిస్తే క్యాలెండరు తిప్పినట్టే. ఆగస్టు తరువాతి ముక్కలో పాదరసం ఒక్కసారిగా పైకి లేచి, ఆ పైన క్రమంగా తగ్గుతూ వచ్చింది. అంటే రోజూ కొంచెం కొంచెంగా కాదు, ఆ ఒక్క రోజునే జరిగిందని తెలిసింది. తెలిసి ఏం లాభం అనుకుంటాం. లాభం ఏమిటంటే, ఆ ద్రవాన్ని అలాంటి తొడుగులతో ముట్టుకోకూడదని ప్రపంచంలో తక్కిన లాబులన్నిటికీ తెలిసింది.

కాబట్టి గాలితోపాటు మనిషినీ పరీక్ష చేయాలి. సీసానికి రక్తపరీక్ష, పాదరసానికి రక్తమూ మూత్రమూ. ద్రావకాలకి చాలావరకు మూత్రమే. ఆవిరి రూపంలో లోపలికి పోయిన జైలీన్, టోలీన్ వంటివాటిని కాలేయం మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఆ మార్చిన పదార్థాన్ని కొలిస్తే, ముక్కుతో పోయిందో చర్మంతో పోయిందో అన్న పేచీ లేకుండా మొత్తం ఎంత పోయిందో తెలుస్తుంది. ఇందులో వేళ ముఖ్యం. ఇవి గంటల్లో బయటికి పోయే రకాలు. అంచేత పని ముగిసే వేళకి నమూనా ఇవ్వాలి. ఆదివారమంతా ఇంట్లో వుండి సోమవారం పొద్దున్నే ఇస్తే ఎంత చెడ్డ లాబ్‌లో పనిచేసే మనిషికైనా అంతా బాగున్నట్టే వస్తుంది.

ఇంకో తమాషా వుంది, ఇది మన వంటింటికి సంబంధించినది. టోలీన్ ఒంట్లో హిప్యూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో వస్తుంది. బజారు పచ్చళ్ళూ, పళ్ళరసాలూ, టొమాటో సాసూ చెడిపోకుండా కలిపే సోడియం బెంజోయేట్ కూడా అదే ఆమ్లంగా మారుతుంది! మధ్యాహ్నం బజారు పచ్చడి వేసుకుని అన్నం తిని, స్క్వాష్ తాగి వెళ్ళిన పిల్ల మూత్రంలో టోలీన్ పీల్చినట్టు లెక్క రావచ్చు. బెంజీన్‌కి చేసే ఒక పరీక్షకీ ఇలాగే సోర్బిక్ ఆమ్లం కలిపిన తిండి అడ్డం వస్తుంది. పరీక్షకి ముందు రోజూ, ఆ రోజూ ఏం తిన్నారో అడగని లాబ్ ఇచ్చిన కాగితాన్ని కాస్త అనుమానంగానే చూడాలి. ఆ రోజులకి ఇంట్లో పెట్టిన ఆవకాయే కట్టి పంపండి.

ఇంకొకటి. ఉద్యోగంలో చేరేటప్పుడే, ఏ సీసా మూతా తియ్యకముందే, మొదటి పరీక్ష జరగాలి. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క తీరు. ఒకరికి మామూలు అంకె ఇంకొకరికి తగ్గుదల కావచ్చు. పురుగుమందుల లాబుల్లో పనిచేసేవాళ్ళకి రక్తంలో కోలినెస్టరేస్ అనే ఎంజైము కొలుస్తారు. అది మనిషి మనిషికీ ఎంత తేడాగా వుంటుందంటే, తన మొదటి అంకెతో పోలిస్తేనే తగ్గిందో లేదో తెలుస్తుంది. పెళ్ళయిన పిల్లలకి ఇంకో మాట చెప్పండి. నెల తప్పిందని అనుమానం రాగానే, తాను ముట్టుకునే రసాయనాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుగారికి చూపించాలి. పేర్లు చెప్పకుండా "లాబ్‌లో పనిచేస్తున్నాను" అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది?

మరి ఇవన్నీ ఎవరు చేయించాలి? ఖర్చెవరిది? అమెరికాలో ప్రత్యేకంగా లాబొరేటరీల కోసమే 1990లో ఒక నిబంధన వచ్చింది. గాలి హద్దు దాటుతున్నదని అనుకోవడానికి కారణముంటే యజమాని కొలిపించాలి. ఫలితం చేతికందిన పదిహేను పనిదినాల్లోగా పనిచేసేవారికి రాతమూలకంగా తెలపాలి. ఏదైనా ఒలికినా, లక్షణాలు కనబడినా డాక్టరు పరీక్ష ఉచితం, ఆ పూట జీతం కోత లేదు. మన దేశంలో 1984 భోపాల్ ఘోరం తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకరమైన పనుల్లో వున్నవారికి చేరేముందు, చేరాక ఏడాదికి ఒకసారైనా, మానేశాక కూడా వైద్యపరీక్షలు చేయించాలనీ, ఆ రికార్డులు వాళ్ళకి అందుబాటులో వుంచాలనీ, రసాయనాలకి హద్దుల పట్టిక వుండాలనీ అందులో రాశారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక భద్రతా స్మృతిలోనూ హద్దుల మాట వుంది. 1987 నాటి ఏర్పాటు అంతా ఫ్యాక్టరీల కోసం. కాలేజీ లాబ్, వీధి చివరి రక్తపరీక్షల లాబ్ ఫ్యాక్టరీలు కావు. అక్కడ పనిచేసే పిల్లల్ని ఎవరు చూస్తారన్నది చాలాకాలం ఎవరూ పట్టించుకోని మాట. అహ్మదాబాదులో 1966లో మొదలుపెట్టిన జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వంటి సంస్థల్లో ఈ కొలతల శాస్త్రం తెలిసినవారున్నారు. విద్య లేక కాదు, అడిగేవారు లేక జరగడం లేదు.

మన చేతిలో వున్నదేమిటంటే, ముందు ఆ తెల్లకోటు. పిల్ల అది సంచిలో కుక్కి ఇంటికి తెస్తుంది, మనం ఇంటిల్లిపాది బట్టలతోపాటు దాన్నీ వాషింగ్ మెషీన్లో వేస్తాం. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ పిల్లల్ని పరీక్ష చేసిన వివరాలు 1987లో అచ్చయ్యాయి. ఆ ఫ్యాక్టరీ గడప తొక్కని పిల్లల మూత్రంలో లీటరుకి 25 మైక్రోగ్రాముల పాదరసం వుంది. ఇతర పిల్లల్లో 5. బట్టలకీ జోళ్ళకీ అంటుకుని ఇంటికి వచ్చిందన్నమాట. ఫార్మలిన్ అంటిన బట్టలు ఇంటికి పట్టుకుపోకూడదని అమెరికా నిబంధన. లాబ్ కోటు లాబ్‌లోనే వుండాలి, ఉతికించే బాధ్యత వాళ్ళది. అలా కుదరని చోట, కుదిరేదాకా, కోటు విడిగా మూట కట్టి తెచ్చి, విడిగా ఉతికి, విడిగా ఆరవేయండి. చంటిపిల్లని ఎత్తుకునే ముందు బట్టలు మార్చుకోమనండి.

తరువాత, రాత్రి భోజనాల దగ్గర నిదానంగా అడగండి. నువ్వు రోజూ వాడే సీసాలేవమ్మా, వాటి మీద ఏం రాసి వుంది? నీ కాలరుకి పంపు ఎప్పుడైనా తగిలించారా? అంకె ఎంత వచ్చిందో నీకు చూపించారా? ఎవరూ చూపించలేదంటే పోట్లాడమని కాదు. నలుగురూ కలిసి ఒక కాగితం మీద మర్యాదగా రాసి అడగమనండి. ఒక్కరు అడిగితే పేచీకోరు అంటారు, నలుగురు అడిగితే వినక తప్పదు.

ఆ వచ్చిన కాగితాల్ని పారెయ్యనివ్వకండి. ఉద్యోగం మారితే పాత కంపెనీ నుంచి నకలు తెచ్చుకోమనండి. ఇలాంటి కొలతల రికార్డుల్ని అమెరికాలో ముప్ఫై ఏళ్ళు దాచాలని నియమం పెట్టారు, ఎందుకంటే కొన్ని జబ్బులు ఇరవై ముప్ఫై ఏళ్ళకి గాని బయటపడవు. అప్పటికి కంపెనీ వుంటుందో వుండదో. మీ బీరువాలో డిగ్రీ సర్టిఫికెట్లూ, పెళ్ళి శుభలేఖా పెట్టిన ఫైలు వుంటుంది గదా, ఈ కాగితాలూ అందులోనే పెట్టండి, పైన తారీకు, లాబ్ పేరు, అప్పుడు వాడుతున్న రసాయనాల పేర్లు రాసి.